దైవకార్యం: ఒకరు

ఇంటి నుంచి
ఫిబ్రవరి 11

వదినకి,

నీ పెళ్ళయ్యాక నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తుతాడు. చెవి సరిగ్గా వినబడక స్పీకరు పెడతాడు. నేను మామూలుగా మాట్లాడితేనే ఎవరికీ వినబడదని బడిలో మీరంతా నన్ను గుసగుస అనేవాళ్ళు. ఆ స్పీకర్లోంచి మీ హాల్లోకి చేరాలంటే నేను అరవాలి. కొన్ని మాటలు అరిచి చెప్పేవి కావు. అందుకే ఇన్నాళ్ళకి కలం పట్టాను. ఇంటికి కాకుండా నీ బడి లైబ్రరీకి పంపుతున్నాను. పుస్తకాల మధ్య పెట్టి చదువుకో. ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు నువ్వు చేసిన పని అదే కదా.

సంగతి చిన్నదే. మా ఆసుపత్రి రోడ్డులో కాలిబాట తీసేస్తారట. పెట్రోలు బంకు నుంచి ఆసుపత్రి గేటు దాకా. అక్కడ కార్లు ఆపుకోవడానికి చోటు చేస్తారట. రాళ్ళ మీద అప్పుడే ఎర్ర రంగుతో గీతలు గీశారు.

నేను ఏ దారిన వెళ్తానో నీకు తెలీదు కాబట్టి చెప్తాను. వంతెన దగ్గర మొదలుపెడితే ఆసుపత్రికి ముప్పావు గంట. ఇదివరకు తిన్నగా ఒక బస్సు ఉండేది, పదకొండేళ్ళ కింద తీసేశారు. ఇప్పుడు మార్కెట్ దగ్గర దిగి ఇంకోటి మారాలి. ఆ రెండో బస్సు వచ్చేలోపు నేను మా ఆసుపత్రి కుట్టు గదిలో కూర్చుని రెండు దుప్పట్లకి అతుకు వేసేస్తాను. అందుకని నడుస్తాను. నడకకి వేరు చెప్పులు, మిషను కింద సొరుగులో వేరు చెప్పులు. అంతే నా సరంజామా.

గేటు పక్కన మునిసిపల్ ఆఫీసు వాళ్ళు కాగితం అంటించారు. డిసెంబరులో ఒక పొద్దున ఆ దారిన నడిచినవాళ్ళని ఆపి, ఎందుకు నడుస్తున్నారని అడిగి లెక్క రాసుకున్నారు. ఆ లెక్క నీకోసం ఎత్తి రాశాను:

మొత్తం నడిచినవారు 214. వ్యాయామం కోసం 131. వైద్యుల సలహా మీద 52. వాహనం మరమ్మతులో ఉన్నందున 22. దైవకార్యం 1. పనికి వెళ్ళేవారు 8.

కాబట్టి ఆ రోడ్డులో ప్రయాణం కోసం నడిచేవాళ్ళు దాదాపు లేరని, కాలిబాట వ్యాయామానికే వాడుతున్నారని, వ్యాయామానికి పార్కు ఉందని రాశారు. నేను నిలబడి రెండుసార్లు చదివాను వదినా. ఎనిమిదిన్నరకి, భుజాన సంచీ, చేతిలో అన్నం డబ్బా పట్టుకుని నూట ముప్పై ఒక్కమంది వ్యాయామం చేస్తున్నారు. ఇరవై రెండు బండ్లు ఒకే పొద్దున పాడయ్యాయి. మా గదిలో గుండీలు కుట్టే ఆమె ఉంది. అందరూ గుండీలామె అంటారు. ఆమె నాకంటే దూరం నుంచి నడుస్తుంది. ఆమె ఆ యాభై రెండు మందిలో ఉంది. షుగరని, డాక్టరు నడవమన్నాడని చెప్పిందట. ఆమె మధ్యాహ్నం ఏం తింటుందో రోజూ చూస్తున్నాను. షుగరున్న మనిషి తినే తిండి కాదు.

మార్చి 22న మునిసిపల్ ఆఫీసు మేడ మీద సభ. అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చట. అన్నయ్య ముప్పై ఏళ్ళుగా సైకిలు మీద ఆఫీసుకి వెళ్తున్నాడు కదా, ఈ సంగతులు ఆయనకి తెలిసినంత నాకు తెలీదు. నా పేరు మీద ఒక అర్జీ రాసి పంపమని, వీలు చూసి అడుగు. నాకు రాయడం రాదని కాదు. రాయకూడని కారణం ఒకటి ఉంది. అది ఇంకోసారి.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

నీ ఆడపడుచు


బడి లైబ్రరీ
ఫిబ్రవరి 20

ఒసేయ్ గుసగుసా,

నీ ఉత్తరం అట్లాసులో పెట్టి చదివాను. ఆరో తరగతి పిల్ల వచ్చి, అట్లాసు కావాలి టీచర్ అంటే సముద్రాల పేజీ దాకా చదవనీ తల్లీ అన్నాను. పిల్లలు నన్ను టీచర్ అంటారు. టీచర్లు నన్ను ఏమీ అనరు.

ఆ ఇరవై రెండు బండ్ల దగ్గర గట్టిగా నవ్వేశాను. నవ్వి చాలా రోజులైంది. ఆ దైవకార్యం మనిషి ఎవరే? ఆసుపత్రికి పోయే దారిలో ఏం దైవకార్యం? కనుక్కుని రాయి, నాకు నిద్ర పట్టదు.

అర్జీ సంగతి. మీ అన్నయ్య రాయరు. ఎందుకో చెప్తాను, కానీ ఫోన్‌లో ఆయన దగ్గర నోరు జారావో, నీతో మాట్లాడను.

మీ అన్నయ్య సైకిలు మీద ఆఫీసుకి వెళ్తారని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆఫీసులో తెలీదు. తొమ్మిదేళ్ళ కింద వాళ్ళ ఆఫీసుకి కొత్తగా ఒక ఆఫీసరు వచ్చాడు. మొదటి రోజు మెట్ల మీద నిలబడి, ఈయన సైకిలుకి తాళం వేస్తుంటే, "ఏమండీ, ఇంకా అదేనా? మీ జీతం ఏం చేసుకుంటున్నారండీ?" అన్నాడు. అందరూ నవ్వారట. ఈయన కూడా నవ్వారట. మర్నాడు సంచీలో ఒక హెల్మెట్ పెట్టుకుని ఇంటికి వచ్చారు. మోటారుబండి వాళ్ళు పెట్టుకునేది, నల్లది. బండి ఎక్కడా అన్నాను. బండి ఎందుకు అన్నారు.

అప్పటినుంచి అదే వరస. రెండు సందులవతల ప్రింటింగ్ ప్రెస్సు వెనక సైకిలు పెట్టడం, సంచీలోంచి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, జుట్టు కాస్త చెరుపుకుని ఆఫీసులోకి నడవడం. ఒకసారి పక్క సీటాయన దారిలో దింపమని అడిగాడట. పెట్రోలు అయిపోయిందండీ అని, ఇద్దరూ కలిసి ఇంటిదాకా నడిచారు. హెల్మెట్ చేతిలో పట్టుకుని. ఆయన వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ సైకిలు కోసం అంత దూరం వెనక్కి నడిచారు మీ అన్నయ్య. ఆ రోజు ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

అలాంటి మనిషిని పట్టుకుని, సైకిలు మనిషిగా అర్జీ రాయమంటే రాస్తారా? అయినా ఇప్పుడు సైకిలు తొక్కడం లేదులే. మోకాలు నొప్పి. బస్సులో వెళ్తున్నారు. వయసు.

నీ అర్జీ నువ్వే రాయి. అక్షరాలు నీవే బాగుంటాయి. రాయకూడని కారణమేమిటో ముందు అది చెప్పు.

వదిన


కుట్టు గది, భోజనాల వేళ
మార్చి 3

వదినా,

అన్నయ్య హెల్మెట్ సంగతి చదివి నాకు నవ్వు రాలేదు. ఏమనుకోకు. చదువుతున్నంతసేపూ నన్నెవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది.

ఆ దైవకార్యం మనిషిని నేనే.

బస్సు తీసేసిన కొత్తలో, నడిచి వచ్చిన మొదటి రోజు, చెమటతో గదిలోకి అడుగుపెట్టాను. అందరూ తలెత్తి చూశారు. సూపర్వైజరమ్మ, "అయ్యో, నడిచొచ్చావా? పాపం" అంది. మంచి మనసుతోనే అంది. ఆ "పాపం" ఉంది చూశావూ, అది నా వీపు మీద అతుక్కుంది. అప్పటికి మా ఆయన పోయి ఆరు నెలలు. అందరి నోటా అదే మాట విని విని ఉన్నాను. ఇంకొక్కసారి వినలేకపోయాను. "మొక్కు" అన్నాను. అంతే. ఒకే మాట.

వాళ్ళ మొహాలు మారిపోయాయి వదినా. నడక అదే, చెమట అదే, చెప్పులు అవే. పాపం పోయి దండం వచ్చింది. సూపర్వైజరమ్మ లేచి కుర్చీ జరిపింది. దారిలో స్కూటరు ఆపి "ఎక్కండక్కా" అనేవాళ్ళు కూడా మానేశారు. మొక్కు చెడుతుందని.

అన్నయ్య హెల్మెట్ పట్టుకున్నాడు, నేను దేవుణ్ణి పట్టుకున్నాను. ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పు.

అక్కడితో ఆగినా బాగుండేది. గుండీలామె మనవడికి పుట్టినప్పుడు ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. ఒక రోజు నా మిషను దగ్గరికి వచ్చి, "మీ మొక్కులో మావాడి పేరు కూడా కలుపుకోండమ్మా" అని చేతులు పట్టుకుంది. లేదని ఎలా చెప్పను? కలిపాను. పిల్లవాడు కోలుకున్నాడు. డాక్టర్లు కోలుకునేలా చేశారు. ఆమె నా వల్ల అంది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఒకరి కూతురి పరీక్ష, ఒకరి మొగుడి తాగుడు, ఒకరి గర్భసంచి ఆపరేషను. పదకొండేళ్ళలో ఎన్నో పేర్లయ్యాయి.

ఆ పేర్లన్నీ రోజూ చెప్పుకుంటాను వదినా. అందులో అబద్ధం లేదు. దారిని ముక్కలుగా పంచుకున్నాను. వంతెన నుంచి మొదటి సిగ్నలు దాకా పోయినవాళ్ళు. సిగ్నలు నుంచి బంకు దాకా కుట్టు గది వాళ్ళు. బంకు దాటాక, గేటు దాకా, నువ్వూ అన్నయ్యా. ఆ ముక్క వెడల్పుగా, చదునుగా ఉంటుంది. ఎవరినీ తప్పుకోనక్కర్లేదు. అందుకే మీకు ఉంచాను. బంకు ముందు మాత్రం కాలిబాట లేదు, బండ్లు లోపలికి తిరుగుతుంటాయి. అక్కడ నాకు దేవుడు గుర్తుకు రాడు, లారీలే గుర్తుంటాయి. ఇప్పుడు గేటు దాకా అలాగే అవుతుంది.

డిసెంబరులో అట్ట పట్టుకుని ఒక పెద్దాయన ఆపి ఎందుకు నడుస్తున్నారమ్మా అన్నాడు. నా వెనకాలే గుండీలామె వస్తోంది. నోరు తెరిస్తే అలవాటుగా అదే మాట వచ్చింది. ఆయన కాగితమంతా వెతికాడు. దానికి గడి లేదు. పాపం, కింద చేత్తో గీత గీసి, కొత్త గడి చేసి, అందులో నన్ను ఒక్కదాన్నే రాసుకున్నాడు.

ఇప్పుడు అర్థమైందా ఎందుకు రాయలేనో? పనికి నడుస్తాను అని రాస్తే, పదకొండేళ్ళు దేవుడి పేరు పెట్టి అబద్ధం చెప్పానని రాసినట్టే. రాయకపోతే, ఆ కాలిబాట పోవడంలో నా సంతకం కూడా ఉన్నట్టే. ఇద్దరిలో ఎవరికి ఎదురుపడను? దేవుడికైతే రోజూ ఎదురుపడుతూనే ఉన్నాను, ఆయనేమీ అనడు. గుండీలామె మొహం చూడటమే కష్టం.

గంట కొట్టారు. ఆపుతున్నాను.

నీ ఆడపడుచు


బడి లైబ్రరీ
మార్చి 12

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నవ్వించడానికి ఏదో ఒకటి రాసి కొట్టేశాను.

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్తాను. మీ అన్నయ్యకి మోకాలు నొప్పి వయసు వల్ల కాదు.

ఆగస్టులో, వాన వెలిసిన పొద్దున, ఆఫీసుకి వెళ్తుంటే వెనకనుంచి ఒక వ్యాను తగిలింది. మార్కెట్ మలుపులో. మోకాలి చిప్ప పగిలింది, భుజం దగ్గర ఎముక విరిగింది. హెల్మెట్‌కి మాత్రం గీత కూడా పడలేదు. అది హ్యాండిలుకి తగిలించిన సంచీలో ఉంది.

వ్యానతను దిగాడట. చెయ్యి పట్టి లేపాడట కూడా. లేపుతూ, "ఏంటి పెద్దాయనా, ఈ రోజుల్లో రోడ్డు మీద సైకిలేంటి?" అన్నాడట. మీ అన్నయ్య ఏమన్నారో తెలుసా? సారీ అన్నారు. తగిలించినవాడికి, తగిలించుకున్నాయన సారీ చెప్పారు. వాడు సరేలే అని వెళ్ళిపోయాడు. నంబరు ఎవరూ చూడలేదు.

ఆసుపత్రిలో ఎలా జరిగింది అని రాయాలి. ఆయన కుడిచెయ్యి పైకి లేవదు. కాగితం నా చేతిలో పెట్టి, "మెట్ల మీద నుంచి పడ్డానని రాయి" అన్నారు. ఎందుకండీ అన్నాను. "ఆఫీసుకి ఇదే కాగితం వెళ్తుంది. సైకిలని ఉండకూడదు" అన్నారు. నొప్పితో పళ్ళు కొరుక్కుంటూ అన్నారే ఆ మాట. నేను రాశాను. నా చేత్తోనే. మెట్లు అని. మా ఇంటికి మెట్లే లేవు.

నీకు చెప్పొద్దన్నారు. "చెప్తే అది నడుచుకుంటూ వచ్చేస్తుంది" అన్నారు. మూడు నెలలు మంచంలో ఉన్నారు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మంచం మీద నుంచే ఎత్తి, బాగున్నాం చెల్లీ అనేవారు. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. ఇప్పుడు బస్సులో వెళ్తున్నారు. చెప్తే నమ్మవు, బస్సులో కూడా హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని వెళ్తున్నారు.

నువ్వు కాలిబాట లెక్క రాశాక నాకు ఒకటే ఆలోచన. మా ఊళ్ళో కూడా ఎవరో ఒకరు లెక్క వేస్తారు కదా, ఆ మలుపులో ఎంతమంది సైకిళ్ళవాళ్ళకి దెబ్బలు తగిలాయని. ఒకరు తగ్గారు. మెట్ల మీద పడినవాళ్ళు ఒకరు పెరిగారు. ఆ తప్పుడు అంకె రాసింది నేను, రోజూ పిల్లలకి పుస్తకాలు ఇచ్చే మనిషిని.

నీ మొక్కు గురించి నేనేం చెప్పగలను? రోజూ అంతమంది పేర్లు చెప్పుకుంటూ నడిచావు. అది మొక్కు కాకపోతే మరేమిటని నాకనిపిస్తుంది. కానీ నువ్వు ఒప్పుకోవని తెలుసు.

సభకి వెళ్తావో మానుతావో నీ ఇష్టం. వెళ్తే అన్నయ్య సంగతి మాత్రం అక్కడ ఎత్తకు. అది ఆయనది.

వదిన


ఇంటి నుంచి
మార్చి 24

వదినా,

ముందు ఒక్క మాట. ఆగస్టులో కూడా బంకు దాటాక రోజూ మీ ఇద్దరి పేర్లూ చెప్పుకున్నాను. వ్యాను తగిలిన పొద్దున కూడా చెప్పుకునే ఉంటాను. అప్పుడు ఆయన రోడ్డు మీద పడి ఉన్నాడు. ఆ సంగతి తెలిసినప్పటినుంచి దేవుడితో సరిగ్గా మాట్లాడలేకపోతున్నాను. అలిగానని కాదు. అలసిపోయాను.

నీ మీద కోపం లేదు. చెప్పి ఉంటే నిజంగానే నడుచుకుంటూ వచ్చేదాన్ని.

సభకి వెళ్ళాను. మేడ మీద పొడుగాటి గది. నలభై కుర్చీలు, పన్నెండుమంది మనుషులు. పది మంది ముందు హెల్మెట్లో, కారు తాళాలో ఉన్నాయి. గేటు ఎదురుగా మందుల దుకాణం ఉందే, దాని యజమాని మాట్లాడాడు. చెడ్డవాడేం కాదు, జ్వరమొస్తే సగం డబ్బుకి కూడా మందిస్తాడు. "రోగిని తీసుకొచ్చినవాడు కారు ఎక్కడ ఆపాలండీ? నడిచేవాళ్ళెవరున్నారండీ ఇప్పుడు? అందరికీ బండ్లున్నాయి. నడిచేది ఒళ్ళు తగ్గడానికి" అన్నాడు. అందరూ తలలూపారు. మాతో రోజూ ఆ గేటు దగ్గర కలిసే వార్డు నర్సు కూడా ఊపింది. ఆమె నడిచే వస్తుంది.

నేను చెయ్యెత్తాను. ఆఫీసరు, "చెప్పండమ్మా, మీరు ఏ సంఘం తరఫున?" అన్నాడు.

"కుట్టు గది" అన్నాను.

"గట్టిగా చెప్పండి."

"కుట్టు గదండీ. ఆసుపత్రి కుట్టు గది. ఆ దారిన నేను రోజూ పనికి నడుస్తాను. చాలామంది నడుస్తారు."

"లెక్క మా దగ్గరుందమ్మా" అని కాగితం తీశాడు. "పనికి నడిచేవాళ్ళు ఎనిమిది. మిగతావాళ్ళు వ్యాయామం, వైద్యం... ఇదేంటి, దైవకార్యం ఒకరు..." అని ఆయనే నవ్వాడు. గది కూడా నవ్వింది.

"ఆ ఒక్కరూ నేనేనండీ" అన్నాను.

నవ్వు ఆగింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది వదినా. "నాకు మొక్కు లేదు. ఎప్పుడూ లేదు. సిగ్గుపడి అలా చెప్పాను. నడవడం తప్పేం కాదు, కానీ పాపం అంటారని భయపడ్డాను. దేవుడి పేరు వాడుకున్నాను. ఆ గడి కొట్టేసి నన్ను పనికి వెళ్ళేవాళ్ళలో రాయండి. తొమ్మిది అవుతుంది. మిగతా గడుల్లో కూడా నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో, మళ్ళీ అడగండి. ఈసారి సిగ్గుపడేలా అడగకండి."

ఇంతే. కూర్చోబోతూ వెనక్కి చూస్తే, చివరి వరసలో గుండీలామె. నేను వెళ్తున్నానని తెలిసి నాకు తోడుగా వచ్చిందట. నాకు చెప్పలేదు. నా వంక చూడకుండా లేచి, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, వెళ్ళిపోయింది.

ఆఫీసరు, సరే చూద్దాం అన్నాడు. ఏం చూస్తారో చెప్పలేదు.

నిన్న కుట్టు గదిలో సూపర్వైజరమ్మ, "అయితే ఇన్నాళ్ళూ మాచేత కుర్చీ జరిపించావన్నమాట" అంది. నిజమే కదా. గుండీలామె మిషను నా ఎదురుగానే. రోజంతా తలెత్తలేదు. నడుస్తూ ఆమె మనవడి పేరు దగ్గరికి వచ్చేసరికి, ఇది చెప్పుకునే హక్కు నాకుందా అని ఆగిపోయాను. తర్వాత చెప్పుకున్నాను. పిల్లవాడు ఏం చేశాడు?

చేతులు నొప్పిగా ఉన్నాయి. ఇక రాయలేను.

నీ ఆడపడుచు


బడి లైబ్రరీ
ఏప్రిల్ 2

గుసగుసా,

పన్నెండుమందిలో లేచి మాట్లాడావా! బడిలో హాజరు పిలిస్తే నీ బదులు నేను పలికేదాన్ని. టీచరుకి నీ గొంతు వినబడక నీకు ఆబ్సెంటు పడుతుందని.

నీ ఉత్తరం అట్లాసులో లేదు, నా సంచీలో ఉంది. మూడు రోజులుగా ఇంటికి తీసుకెళ్ళడం, మళ్ళీ తీసుకురావడం. ఆయన హెల్మెట్ మోసినట్టే నేనూ దీన్ని మోస్తున్నాను. ఆయనకి చూపించాలని ఉంది. మీ చెల్లెలు ఏం చేసిందో చూడండి అనాలని ఉంది. నిన్న ఆయన బస్సు దిగి, కుంటుకుంటూ వీధి మలుపు తిరిగి వస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. చేతిలో అది వేలాడుతోంది. సంచీలో చెయ్యి పెట్టాను కూడా. తీయలేకపోయాను.

చూపించనా? నువ్వు ఊఁ అంటే చూపిస్తాను.

గుండీలామె మాట్లాడిందా?

వదిన


ఇంటి నుంచి
మే 19

వదినా,

ఆలస్యమైంది. రాయడానికి ఏమైనా ఉండాలి కదా అని ఆగాను.

గుండీలామె పదహారు రోజులు మాట్లాడలేదు. దారం అయిపోతే పక్కావిడ చేత అడిగించేది. పదిహేడో రోజు పొద్దున వంతెన దగ్గర నిలబడి ఉంది. ఆమె ఇల్లు వంతెనకి అవతల, చాలావరకు నాకంటే ముందే దాటి వెళ్ళిపోతుంది. ఆ రోజు ఆగింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. మావాడి పేరు చెప్పుకున్నారా?" అంది.

"రోజూ."

"మొక్కు లేకుండానే?"

"లేకుండానే."

కాసేపు నడిచింది. సిగ్నలు దగ్గర ఎర్రదీపం పడితే ఆగాం. అప్పుడంది, "మరి అంత దూరం ఊరికే నడిచేదానివి, నన్ను కూడా పిలవచ్చుగా. ఒక్కదాన్నే నడిచి చచ్చాను ఇన్నేళ్ళూ." ఇన్నాళ్ళూ నన్ను మీరు అనేది వదినా. ఆ రోజే మొదటిసారి నువ్వు అంది. నాకు కడుపు నిండింది.

"నీకు షుగరు కదా" అన్నాను.

"నా మొహం షుగరు. నిన్న ఏం తిన్నానో చూశావుగా" అంది.

ఇప్పుడు ఇద్దరం కలిసే వెళ్తున్నాం. ఆమె మాట్లాడుతూనే ఉంటుంది, నాకు పేర్లు చెప్పుకోవడానికి సందు దొరకదు. బంకు దాటాక మాత్రం కాసేపు ఊరుకుంటుంది. అడక్కుండానే. కుట్టు గదిలో ఇప్పుడెవరూ తమ పేర్లు చెప్పుకోమని అడగడం లేదు. పాతవాళ్ళవి చెప్పుకుంటూనే ఉన్నాను. వాళ్ళకి తెలీదు, తెలియనక్కర్లేదు. ఇంతకు ముందు కంటే ఇది శుభ్రంగా ఉంది.

మళ్ళీ లెక్క పెట్టారు, పోయిన వారం. అదే పెద్దాయన, అదే అట్ట. నన్ను గుర్తుపట్టి, "మొక్కు తీరిందా అమ్మా?" అన్నాడు. "పనికండీ" అన్నాను. ఆయన రాసుకుని గుండీలామె వంక తిరిగాడు. "నాది కూడా అక్కడే రాసుకో" అంది. మా వెనకాల నర్సు వస్తోంది. ఏం చెప్తుందోనని నడక తగ్గించాను. "స్కూటరు రిపేరులో ఉంది" అంది. ఆమెకి స్కూటరు లేదు. నాకు కోపం రాలేదు. ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు. నాకు యాభై వచ్చాక నోరు పెగిలింది.

ఏం తేలుస్తారో ఇంకా తెలీదు. తొమ్మిది పదవుతుంది, మహా అయితే ఇరవై. దానికోసం కార్లు ఆపుకునే చోటు వదులుకుంటారని నాకు నమ్మకం లేదు. రాళ్ళ మీద ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి. వాటి మీదుగానే నడుస్తున్నాం. నేను అడిగింది దేవుణ్ణి కాదు, ఆఫీసుని. కాబట్టి ఆశ కూడా ఆ మేరకే.

చూపించనా అని అడిగావు. వద్దు వదినా. ఇన్ని రోజులూ ఆలోచించే చెప్తున్నాను. చూపిస్తే అన్నయ్య నా ధైర్యం చదవడు, తన హెల్మెట్ చదువుతాడు. చెల్లెలికి కూడా తెలిసిపోయిందని ఇంకొంచెం కుంగిపోతాడు. నా మాట నేను చెప్పుకోవడానికి పదకొండేళ్ళు పట్టింది, ఆయనకి తొమ్మిదేళ్ళే అయింది. ఆయన మోసేది ఆయనే దింపుకోవాలి. ఏదో ఒక పొద్దున దాన్ని మేకుకి తగిలించి ఖాళీ చేతులతో బస్సెక్కుతాడు. ఆ రోజు నువ్వు ఏమీ అనకు. చూడనట్టు పక్కకి తిరిగి, నాకు ఒక్క ముక్క రాయి, చాలు. అప్పుడు ఆయనే మెట్ల సంగతి నాతో చెప్తాడు. స్పీకర్లోనే చెప్పనీ. నేను తొలిసారి విన్నట్టే వింటాను. అది కూడా అబద్ధమే, తెలుసు. దానికి దేవుడికి విడిగా చెప్పుకుంటాను.

అప్పటిదాకా ఈ కాగితాలన్నీ ఒకచోట దాచు. నీవి నా దగ్గర ఉన్నాయి, నడక చెప్పుల పెట్టెలో. చించెయ్యకు. మనం నిజం రాసింది వీటిలోనే. కానీ ఎవరికీ చూపించకు, అన్నయ్యకి అసలే వద్దు.

నీ గుసగుస